చెమట సాక్ష్యం చెల్లదు

“లై డిటెక్టర్ మీద కూర్చోబెట్టండి, నిజం అదే బయటపడుతుంది.” ఆర్మూరు మామిడిపల్లి చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లూ ఈ మాట అంటారు, హైదరాబాదులో పెద్ద నాయకులూ అంటారు. ఫార్ములా-ఈ కేసు విచారణలు నడుస్తున్న 2025 జనవరిలో కేటీఆర్ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డికి విసిరిన సవాలు ఇదే: ఇద్దరం లై డిటెక్టర్ పరీక్షకు కూర్చుందాం, రండి. అంతకు రెండేళ్ల ముందు, 2022 అక్టోబరులో, ఎమ్మెల్యేల కొనుగోలు వ్యవహారంతో సంబంధం లేదంటూ బండి సంజయ్ యాదాద్రి వెళ్లి తడిబట్టలతో ప్రమాణం చేశారు. తడిబట్టలను చూసి నవ్వినవాళ్లకు తీగల సవాలు విన్నప్పుడు నవ్వు రాలేదు. ఒకటి మూఢనమ్మకం, రెండోది సైన్సు అని మన చదువుకున్నవాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. తీగలు కొలిచేది నిక్కమైన సంగతే, కొలత కూడా మంచిదే. దాని మీద కట్టిన తీర్పు మాత్రం గాల్లో కట్టిన మేడ.

పాలీగ్రాఫ్ పెట్టె రాసుకునేది ఊపిరి, రక్తపోటు, నాడి, వేళ్ల చర్మంలో కరెంటు పారే తీరు. మార్కులు వేసేటప్పుడు ఎక్కువ బరువు మోసేది చివరిదే. కనుక మిగతావి పక్కనపెట్టి దాని సంగతే చూద్దాం.

రెండు వేళ్లకు వెండి, సిల్వర్ క్లోరైడ్ పూతతో ఉన్న చిన్న బిళ్లలు అంటిస్తారు. వాటి మధ్య అర వోల్టు కరెంటు పెడతారు, మనిషికి తెలియనే తెలియదు. అరచేతుల్లో, అరికాళ్లలో స్వేద గ్రంథులు ఒత్తుగా ఉంటాయి. వాటి నాళాల్లోకి చెమట ఎక్కేకొద్దీ కరెంటు తేలిగ్గా పారుతుంది. ఆ పారడాన్ని మైక్రోసీమెన్స్‌లో కొలుస్తారు. ఊరికే కూర్చున్న మనిషిలో అది 2 నుంచి 20 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఏదైనా తాకిడి తగిలితే ఒకటి నుంచి మూడు సెకన్లలో గీత పైకి లేచి, తర్వాత తాపీగా దిగుతుంది. ఏ తాకిడీ లేకపోయినా నిమిషానికి ఒకటి నుంచి మూడు సార్లు దానంతట అదే లేస్తుంది. 1888లో ఫ్రాన్సులో షార్ల్ ఫెరే, 1890లో రష్యాకు చెందిన తర్ఖనోవ్ ఈ సంగతి పట్టుకున్నారు. 1907 నాటికి యూంగ్ మాటల పరీక్షల్లో వాడాడు. నూట ముప్పై ఏళ్లకు పైబడిన పరిశోధన ఇది, తీసిపారేయదగ్గది ఎంతమాత్రమూ కాదు.

ఆ పరిశోధన అంతా కలిపి చెప్పిందేమిటి? గీత లేచిందంటే సింపథెటిక్ నాడులు కదిలాయని. అంతే. పెద్ద చప్పుడైతే లేస్తుంది. గట్టిగా ఊపిరి పీల్చినా లేస్తుంది. తన పేరు విన్నా, మనసులో కూడికలు వేసినా, ఇష్టమైన మొహం చూసినా, అవమానంగా అనిపించినా లేస్తుంది. అబద్ధానికంటూ వేరే గీత లేదు. ఇన్నేళ్లలో ఎవరూ చూపించలేకపోయారు.

పసుపు అమ్ముకునేవాళ్లకు ఇది చెప్పాల్సిన పనే లేదు. ఎండిన కొమ్మును మార్కెట్‌కు తెస్తే తేమ మీటరు పెడతారు. ఆ మీటర్లలో కొన్ని పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద: తడి ఎక్కువైతే కరెంటు తేలిగ్గా పారుతుంది. అది పద్నాలుగు శాతం చూపిస్తే తేమ పద్నాలుగు శాతమే, ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ తేమ ఉడకబెట్టాక సరిగా ఎండక మిగిలిందా, కల్లంలో రాత్రి వాన పడిందా, తూకం పెరగడానికి ఎవరైనా నీళ్లు చల్లారా? మీటరు చెప్పదు. మీటరు అంకె చూపించి “నువ్వు నీళ్లు చల్లినవ్” అని వ్యాపారి అంటే రైతు ఊరుకుంటాడా? మరి మనిషి వేళ్లకు మీటరు పెట్టి “నువ్వు అబద్ధమాడినవ్” అంటే మాత్రం ఎందుకు తల ఊపుతున్నాం?

పరీక్ష ఎలా నడుస్తుందో ఒక కల్పిత కేసులో చూద్దాం. ఆర్మూరులో ఒక గోదాములోంచి పది బస్తాల పసుపు పోయిందనుకోండి. అక్కడ బస్తాలు మోసే హమాలీ మీద అనుమానం. పరీక్ష చేసేవాడు రెండు రకాల ప్రశ్నలు వేస్తాడు. “ఆ పది బస్తాలు నువ్వే తీసినవా?” అనేది అసలు ప్రశ్న. “నీది కాని వస్తువు నీ బతుకులో ఎప్పుడన్నా తీసుకున్నవా?” అనేది పోల్చి చూడటానికి వేసే ప్రశ్న. 1947లో జాన్ రీడ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. దొంగకు మొదటి ప్రశ్న దగ్గర గీత ఎక్కువ లేస్తుందని, దొంగ కానివాడు రెండో ప్రశ్న దగ్గర తడబడతాడని నమ్మకం. దొంగ కానివాడు మొదటిదానికి ఎందుకు అదరడట? తన కూలి, తన పరువు, రేపు జైలు, ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు, అన్నీ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. చిన్నప్పుడు పక్కింటి చెట్టు జామకాయ కోశావా అన్నదానికి అతను దానికంటే ఎక్కువ భయపడాలని కోరుకునే పద్ధతి ఎంత బలహీనమో ఆలోచించండి.

ఇక ఆ హమాలీ చేయి సంగతి. ఈ పద్ధతికి ఆధారమైన అధ్యయనాల్లో ఎక్కువ భాగం చల్లటి గదుల్లో, కళాశాల విద్యార్థుల మెత్తటి వేళ్ల మీద జరిగినవి. బస్తాలు మోసి కాయలు కాచిన చేతిలో పైచర్మం మందం వేరు, కరెంటు పారే తీరు వేరు. గది వేడి, గాలిలో తేమ కూడా గీతను మారుస్తాయి. మండే ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లాలో ఫ్యాను కింద చేసిన పరీక్ష, జనవరిలో చేసిన పరీక్ష ఒకటేనని ఎవరంటారు? పైగా ఆరోగ్యవంతుల్లోనే సుమారు పదిమందిలో ఒకరికి ఎంత చప్పుడు చేసినా గీత లేవదు. మనోవిజ్ఞానంలో వాళ్లకు స్పందించనివాళ్లని పేరు. ఠాణాలో వాళ్లకు ఏ పేరు పెడతారో, బహుశా నిజాయితీపరులు అంటారేమో!

రైతు అయితే ఇంకో చిక్కు. శరీరంలో సింపథెటిక్ నాడులు చాలాచోట్ల నార్‌అడ్రినలిన్‌తో పని నడిపిస్తాయి, స్వేద గ్రంథుల దగ్గర మాత్రం ఎసిటైల్‌కోలిన్‌తో. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు దెబ్బకొట్టేది సరిగ్గా ఈ ఎసిటైల్‌కోలిన్ లెక్కనే. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆ మందు ఆపేస్తుంది. మందు తగిలిన మనిషి ధారగా చెమటలు కక్కుతాడు. ఆస్పత్రిలో దానికి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తే చెమట ఆగిపోతుంది. పొలంలో మందు కొట్టి వచ్చినవాడి వేళ్లలో చెమట అతని మనసు గురించి చెబుతోందా, మందు డబ్బా గురించి చెబుతోందా? చక్కెర జబ్బుతో చిన్న నాడులు దెబ్బతిన్నవాడికేమో దీనికి తిరగబడి, చెమటే సరిగా పట్టదు. ఈ సంగతులన్నీ అడిగి రాసుకుని, వాటిని బట్టి తీర్పు సవరించే పరీక్ష ఎక్కడ జరుగుతోంది?

“అయినా నూటికి ఎనభై తొంభై సార్లు సరిగ్గానే చెబుతుంది కదా” అంటారు. ఆ తొంభై నిజమే అనుకుందాం, వాదన కోసం. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో పాలీగ్రాఫ్ మీద ఇచ్చిన నివేదికలో ఒక లెక్క వేసింది. పదివేల మంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులు ఉన్నారనుకుని, ఆ పదిమందిలో ఎనిమిది మందిని పట్టేలా యంత్రాన్ని సరిచేస్తే, పరీక్ష తప్పేవాళ్లు మొత్తం 1,606 మంది. వాళ్లలో గూఢచారులు ఎనిమిదే. మిగిలిన 1,598 మంది ఏ పాపం ఎరగనివాళ్లు. ఇద్దరు గూఢచారులు హాయిగా గట్టెక్కిపోతారు. నిజంగా జరిగింది కూడా అదే: సోవియట్లకు రహస్యాలు అమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ, 1991లోనూ పరీక్ష నెగ్గాడు. తర్వాత డజన్లకొద్దీ హత్యలు ఒప్పుకున్న గ్యారీ రిడ్జ్‌వే 1984లో నెగ్గాడు. ఆ తర్వాత కూడా చంపుతూనే ఉన్నాడు. యంత్రం ఇచ్చిన మంచి సర్టిఫికెట్టు ఎవరి ప్రాణాల మీదికి వస్తుందో మన వాదనల్లో ఎప్పుడూ వినబడదు.

అన్నిటికన్నా బలమైన ఎదురువాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా దాటేయడం న్యాయం కాదు. లాఠీ కంటే తీగలు నయం కదా, థర్డ్ డిగ్రీ ఉన్న దేశంలో చెమట కొలిచే యంత్రం దయగలది కదా అంటారు. మన ఠాణాల చరిత్ర తెలిసినవాళ్లెవరికీ ఈ మాట ఊరికే కొట్టేయాలనిపించదు. 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ముందు కూడా ఈ వాదన వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, ఆర్.వి. రవీంద్రన్, జె.ఎం. పాంచాల్‌ల ధర్మాసనం దాన్ని ఒప్పుకోలేదు. మనిషి ఇష్టం లేకుండా పాలీగ్రాఫ్, నార్కో, మెదడు పరీక్షలు చేస్తే రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకు విరుద్ధమంది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లదంది. దాని సాయంతో కొత్తగా ఏదైనా వస్తువో సమాచారమో దొరికితే అది మాత్రం చెల్లుతుంది. లాఠీ, తీగ ఒకదానికొకటి పోటీ అనుకోవడమే పొరపాటు. లాఠీ భయం గదిలో ఉన్నంతసేపు వేళ్ల చెమటను ఆ భయం నుంచి ఎవరూ విడదీయలేరు. పైగా ఈ యంత్రం ఠాణాలో ఎక్కువగా చేసే పని కొలవడం కూడా కాదు. “నువ్వు అబద్ధమాడినవని యంత్రం అంటోంది, ఇప్పటికైనా ఒప్పుకో” అనే బెదిరింపుకు అది ఒక ఆసరా.

ఆ బెదిరింపు పనిచేస్తుంది. యంత్రాన్ని నమ్మినవాడి దగ్గరే పనిచేస్తుంది. చిత్తూరు జిల్లా కాణిపాకం వినాయకుడి గుడిలో ప్రమాణం చేయమంటే దొంగ తడబడతాడని చెప్పుకుంటారు కదా, అక్కడా పనిచేసేది నమ్మకమే. మన ధర్మశాస్త్రాల్లో దొంగతనం నేరానికి తండుల దివ్యం అని ఉండేది: అనుమానితుడిచేత బియ్యం నమిలించి, ఉమ్మినదాంట్లో నెత్తురు కనిపిస్తే నేరస్థుడనేవాళ్లు. దివ్యాలను చర్చించిన మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు కూడా. భయంతో నోరు ఎండిపోతుంది, ఎండిన నోట్లో గింజ గుచ్చుకుంటుంది. నోరు ఎండడం, అరచేయి తడవడం రెండూ స్వతంత్ర నాడీవ్యవస్థ పనులే. ఎనిమిది వందల ఏళ్లలో మనం నోటి నుంచి వేలి దాకా వచ్చాం. కొలత సన్నబడింది, తర్కం అక్కడే ఉంది.

“తప్పు చేయనివాడికి భయమెందుకు?” అనే మాట నన్ను ఎక్కువ చికాకు పెడుతుంది, ఎందుకంటే అది చదువు లేనివాళ్ల నోట కంటే చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువ వింటాం. దీనికి జవాబు ప్రయోగశాలలోనే ఉంది. కొందరికి మెదడు దెబ్బతినడంతో మొహాలు గుర్తుపట్టే శక్తి పోతుంది. సొంతవాళ్లను చూపించినా తెలియదంటారు. 1985లో డేనియల్ ట్రానెల్, ఆంటోనియో డమాసియో అలాంటి ఇద్దరికి ఫొటోలు చూపిస్తూ చర్మ వాహకత కొలిచారు. నోరు తెలియదంటున్నా, తెలిసిన మొహాల దగ్గర గీత ఎక్కువగా లేచింది. ఆ రోగిని లై డిటెక్టర్ ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? “ఈ మనిషిని ఎరుగుదువా?” “ఎరుగను.” గీత లేచింది. అబద్ధాలకోరు! కానీ ఆ రోగి చెప్పింది అక్షరాలా నిజం. దీనికి తలకిందుల కేసు కూడా ఉంది. 1997లో విలియం హిర్‌స్టైన్, వి.ఎస్. రామచంద్రన్ చూసిన రోగికి తల్లిదండ్రుల మొహాలు బాగా తెలుసు. గీత మాత్రం లేవలేదు. అచ్చం మా అమ్మలాగే ఉంది గానీ మా అమ్మ కాదు, వేషం వేసుకొచ్చిన మనిషి అంటాడతను. చర్మానికి తెలిసింది, మనిషికి తెలిసింది, నోరు చెప్పింది: ఇవి మూడు వేర్వేరు సంగతులు కావచ్చని ఈ కొలత పుణ్యమా అనే తెలిసింది. అలాంటి కొలతను పట్టుకుని మూడూ ఒకటేనని వాదించడం ఎంత విడ్డూరం!

చర్మ వాహకతను తప్పుపడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. చక్కెర జబ్బులో నాడులు దెబ్బతిన్న తీరు చూడటానికి వైద్యులు చెమట గ్రంథుల వాహకతను కొలుస్తున్నారు. మూర్ఛ వచ్చినప్పుడు చర్మ వాహకత, చేతి కదలిక చూసి ఇంట్లోవాళ్లకు కబురు పంపే చేతి పట్టీకి 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఈ పనుల్లో అడిగే ప్రశ్న గ్రంథికీ నాడికీ సంబంధించింది, అందుకే జవాబు నిలబడుతోంది. నేర పరిశోధనలో కూడా కొంత మెరుగైన పద్ధతి ఒకటుంది. 1959లో డేవిడ్ లిక్కెన్ చూపించిన దారి. అబద్ధమా నిజమా అని అడగడు. దొంగకు మాత్రమే తెలిసే సంగతి తీసుకుంటాడు. పోయిన బస్తాల మూతి ఏ రంగు తాడుతో కుట్టి ఉంది: ఎరుపా, పచ్చా, నీలమా, తెలుపా, నలుపా? ఇలాంటివి ఆరు ప్రశ్నలు వేసి, ఆరింటిలోనూ సరైన జవాబు దగ్గరే గీత పెద్దదిగా లేస్తే, ఏమీ తెలియనివాడికి అలా జరిగే అవకాశం 15,625లో ఒక్కటి. జపాన్ పోలీసులు ఈ పద్ధతి ఏళ్ల తరబడి వాడుతున్నారు. మన దగ్గర దీనికి అడ్డు యంత్రం వల్ల రాదు. దొంగతనం జరిగిన సాయంత్రానికే తాడు రంగు, తాళం కంపెనీ, తలుపు పగలగొట్టిన గడ్డపార పొడవుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేస్తుంది. మర్నాడు టీవీలో యానిమేషన్! ఇక దొంగకు మాత్రమే తెలిసిన సంగతి ఏం మిగులుతుంది? పైగా ఈ పద్ధతి కూడా “తెలుసా” అనే అడుగుతుంది, “చేశావా” అని అడగదు. చూసినవాడికీ చేసినవాడికీ గీత ఒకేలా లేస్తుంది.

రాజకీయ సవాళ్లకైతే ఇదీ పనికిరాదు. నాయకుడి మాట నిజమో కాదో తేల్చే పని ఈ ప్రాంతం రైతులు ఒకసారి తీగలు లేకుండానే చేసి చూపించారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిజామాబాద్‌లో పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. పసుపు బోర్డు తెస్తానని బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ బాండు పేపరు మీద రాసిచ్చి గెలిచారు. బోర్డు ప్రారంభమైంది 2025 జనవరి 14న. ఈ నడుమ అయిదేళ్లకు పైగా రైతులు ఆ బాండు పేపరు పట్టుకుని అడుగుతూనే ఉన్నారు. సంతకం పెట్టిన రోజు ఆయన వేళ్లకు బిళ్లలు అంటించి ఉంటే ఏం తెలిసేది? రాస్తున్నప్పుడు మనసారా రాశారేమో, గీత చదునుగా ఉండేదేమో. మనసారా ఇచ్చిన మాట కూడా గడువు దాటిపోవచ్చు. రైతులకు కావలసిన లెక్క తేదీలో ఉంది, అది అందరూ చదవగలిగేది.

ఠాణా బయట ఇదే నమ్మకం ఇంకో వేషంలో అమ్ముడవుతోంది. 2020లో వచ్చిన ఫిట్‌బిట్ సెన్స్ గడియారంలో చర్మ వాహకత సెన్సర్ పెట్టారు, ఒత్తిడి ఎంతుందో చూసుకోండన్నారు. గడియారం సొంతదార్లు సరదాగా చూసుకుంటే నష్టం లేదు. ఉద్యోగుల ఒత్తిడో శ్రద్ధో కొలుస్తామని యజమానులు పట్టీలు తొడిగించే రోజు వస్తే నష్టం మొదలవుతుంది. మన సైకాలజీ విభాగాల్లో థీసిస్‌లు రాసేవాళ్లు కూడా “గీత పెరిగింది” అని రాయాల్సిన చోట “ఆందోళన పెరిగింది” అని రాసేస్తే, పోలీసుకు దారి చూపించింది మనమే అవుతాం. ఈ రంగంలో పనిచేసే సైకోఫిజియాలజీ పరిశోధన సంఘం 1981లోనూ, 2012లోనూ కొలతలు ఎలా ప్రచురించాలో నియమాలు పెట్టింది. బిళ్లలు ఎక్కడ పెట్టారు, ఏ జెల్ వాడారు, ఎంత లేస్తే లెక్కించారు, స్పందించనివాళ్లను ఏం చేశారు, అన్నీ రాయాలి. విద్యార్థి ప్రయోగానికి ఇంత పట్టింపు ఉన్నప్పుడు, మనిషి స్వేచ్ఛ పణంగా ఉన్న చోట “అనుమానాస్పద స్పందన కనిపించింది” అనే ఒక్క ముక్కతో పత్రికలు శీర్షిక పెట్టేస్తున్నాయి.

2025 జూన్‌లో అమ్లేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకోవాల్సి వచ్చింది. నిందితులందరికీ నార్కో చేయించవచ్చన్న పాట్నా హైకోర్టు ఉత్తర్వును పక్కనపెట్టింది. సెల్వి తీర్పు వచ్చి పదిహేనేళ్లయినా ఠాణాకు చేరలేదన్నమాట. కనుక పరీక్షకు ఒప్పుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆర్మూరు హమాలీకైనా, హైదరాబాదు మంత్రికైనా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒప్పుకోలు మేజిస్ట్రేటు ముందు నమోదవుతుందా? పక్కన వకీలు ఉంటాడా? కాదంటే ఆ కాదనడాన్ని నాకు వ్యతిరేకంగా రాస్తారా? ఒప్పుకున్నాక అడగాల్సినవి వేరే: గది వేడి ఎంత, నేను వేసుకునే మందులు రాసుకున్నారా, ఊరికే కూర్చున్నప్పుడు నా గీత ఎన్నిసార్లు లేచింది, ఎవరు మార్కులు వేశారు, నా కేసు సంగతి తెలియని ఇంకొకరు మళ్లీ వేశారా, అసలు చార్టు నా వకీలుకు ఇస్తారా. వీటిలో దేనికీ జవాబు లేని నివేదికను కోర్టు దాకా తీసుకెళ్లే పని లేదు. అక్కడే చదివి, అక్కడే కాదనొచ్చు.